రిపేరుకిచ్చిన సెట్టు రాదు.. తిరుగుడు తప్పదు

అడవి అంచు పల్లెల్లో కొనుగోలుదారుల అగచాట్లు

భద్రాచలం: చర్ల నుంచి భద్రాచలానికి సుమారు 60 కిలోమీటర్లు. పాడైన టీవీని దుప్పటిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకొని అంత దూరం మోసుకొస్తే షాపులో దొరికే సమాధానం ఒక్కటే: "మాది అమ్మకం వరకే బాబాయ్, రిపేరు సంగతి కంపెనీవాళ్లు చూసుకుంటారు." కంపెనీవాళ్లు ఎక్కడుంటారంటే సర్వీసు సెంటరు చిరునామా రాసిన చీటీ చేతిలో పెడతారు. అది కొత్తగూడెం అయితే గోదావరి వంతెన దాటి మరో 40 కిలోమీటర్లు, ఖమ్మం అయితే సుమారు 120 కిలోమీటర్లు. కొనేరోజు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టిన షాపే ఇది.

అక్కడితో కథ తేలదు. మొదటిసారి వెళ్తే సెట్టు దించుకొని చీటీ ఇస్తారు. రెండోసారి వెళ్తే పార్టు హైదరాబాద్ నుంచి రావాలంటారు. మూడోసారి వెళ్తే మెకానిక్కు సెలవులో ఉంటాడు. నాలుగోసారి అసలు మాట బయటపడుతుంది. బోర్డు పోయింది, దీనికి గ్యారంటీ వర్తించదు, డబ్బు కడితే బాగుచేస్తామంటారు. ఒక్కో తిరుగుడుకు ఒక రోజు కూలి పోతుంది. మిర్చి కోతల రోజుల్లో అయితే ఆ రోజు విలువ ఇంకా ఎక్కువ. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు చార్జీ లేదు గనుక సెట్టు తిప్పే పని ఇంటి ఆడవాళ్ల మీద పెట్టినా, పోయిన కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు.

ఈ ప్రాంతంలో వస్తువులు కొనే కాలం కూడా తెలిసిందే. వేసవిలో తునికాకు డబ్బులు, పత్తి అమ్మిన డబ్బులు, మిర్చి డబ్బులు చేతికొచ్చినప్పుడే టీవీ అయినా, మిక్సీ అయినా, సెల్‌ఫోను అయినా. చేతిలో ఉన్నది చాలకపోతే వాయిదాల మీద. చిక్కంతా ఈ వాయిదాల దగ్గరే ఉంది. టీవీ సర్వీసు సెంటరులో మూలపడి ఉన్నా, అప్పు ఇచ్చిన ఫైనాన్సు కంపెనీ ఆగదు. నెల తిరగ్గానే బ్యాంకు ఖాతాలోంచి వాయిదా పోతుంది. ఖాతాలో డబ్బు లేకపోతే దానికి వేరే జరిమానా.

టీవీ లేకపోతే నాలుగు రోజులు ఓర్చుకోవచ్చు. ఫోను పరిస్థితి అలా కాదు. పీఎం కిసాన్ ఈకేవైసీకి వచ్చే నంబరు దానికే రావాలి, బ్యాంకు కబురు దానికే రావాలి, అర్ధరాత్రి 108కి ఫోను చేయాలన్నా అదే కావాలి. సిమ్ తీసి వేరే ఫోనులో వేసుకోమని సర్వీసు సెంటరులో సలహా ఇస్తారు. ఇంటికి ఒక్క ఫోనే ఉన్నవారికి ఆ సలహా పనికిరాదు.

మినహాయింపులే అసలు చిక్కు

గ్యారంటీ కార్డు వెనకవైపు సన్న అక్షరాల్లో, ఎక్కువగా ఇంగ్లీషులో, ఏయే కారణాలకు ఉచిత రిపేరు ఉండదో రాసి ఉంటుంది. విద్యుత్ హెచ్చుతగ్గులు, పిడుగు, నీరు, తేమ, పురుగులు, ఎలుకలు, బయటివారు విప్పడం.. సాధారణంగా కనిపించే జాబితా ఇదే. దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం వైపు పల్లెల్లో వస్తువులు పాడయ్యేది కూడా చాలావరకు వీటివల్లే. లైను చివర ఉన్న గూడెంలో సాయంత్రం అందరూ దీపాలు వేసేసరికి వోల్టేజి పడిపోతుంది. గాలివాన వస్తే కొమ్మలు తీగలకు తగులుతాయి, కరెంటు పోయి వస్తుంది, వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎగిసి వస్తుంది. ఆ దెబ్బ ముందు తగిలేది సెట్టులోని పవర్ సప్లై భాగానికి. తడికె గోడల ఇంట్లో వానాకాలమంతా చెమ్మే. వెచ్చగా ఉంటుందని బల్లి, చీమ సెట్టు వెనక చేరతాయి. అడవి అంచున బతికేవాడికి ఎప్పుడూ ఎదురయ్యేవన్నీ మినహాయింపుల్లో చేరితే, ఇక ఆ కార్డు పనికొచ్చేది పట్నంలో ఉన్నవాడికే.

గోదావరి సంగతి సరేసరి. 2022 జులైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంత నీరు రావడం అదే. మునిగిన ఇళ్లలో టీవీలు, ఫ్రిజ్‌లు, మిక్సీలు ఒండ్రుమట్టి పట్టిపోయాయి. నీటమునిగిన సెట్టుకు ఉచిత రిపేరు ఏ కంపెనీ కార్డులోనూ కనిపించదు. తడిసిన సెట్టును పనిచేస్తుందేమో చూద్దామని వెంటనే ప్లగ్గు పెడితే బాగుపడే బోర్డు కూడా కాలిపోతుంది, మనిషికి షాక్ కొట్టే ప్రమాదమూ ఉంది. మెకానిక్కు విప్పి, మట్టి కడిగి, పూర్తిగా ఆరబెట్టి పరీక్షించేదాకా కరెంటు ఇవ్వకూడదు.

అప్పుడు మెకానిక్కు ఊళ్లోనే

వాల్వు రేడియో, ట్రాన్సిస్టరు ఉన్న రోజుల్లో రిపేరు కోసం జిల్లా కేంద్రానికి వెళ్లే అవసరం తక్కువగా ఉండేది. కొన్ని సెట్లకు సర్క్యూట్ పటం కూడా వెంటే వచ్చేది. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు పట్టిన మెకానిక్కు పోయిన రెసిస్టరో, కండెన్సరో తీసి కొత్తది అతికి సాయంత్రానికి పాట వినిపించేవాడు. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీలను విప్పి నేర్చుకున్నవారు తెలుగునాట ఎందరో.

ప్రభుత్వం పల్లెలకు మొదటిసారి పెద్దఎత్తున టీవీలు పంపినప్పుడు రిపేరు మాట ముందే ఆలోచించింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు చూపించారు. 'సైట్' అని పేరుపడిన ఆ ప్రయోగానికి సెట్లు చేసింది ఈసీఐఎల్. పాడైన సెట్లను బాగుచేయడానికి ఇస్రో ప్రత్యేకంగా కేంద్రాలు పెట్టి మనుషులను నియమించింది. రాకెట్లు చేసేవారికి కూడా జీపు వేసుకొని ఊరికి వెళ్లే మెకానిక్కు లేకుండా పని జరగలేదు.

ఇప్పటి సెట్ల తీరు వేరు. చిన్న భాగం పోయినా సర్వీసు సెంటరులో బోర్డుకు బోర్డే మార్చాలంటారు. తెర పగిలితే దాని ఖరీదు కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉంటుంది. భద్రాచలంలో పనితెలిసిన కుర్రాళ్లు లేక కాదు. కొన్ని కంపెనీల అసలు స్పేరు పార్టులు వారికి దొరకవు, గడువులో ఉన్న వస్తువును వారు విప్పితే కంపెనీ గ్యారంటీ పోయిందంటుంది. ఈ పద్ధతిపై దేశమంతటా ఫిర్యాదులు రావడంతో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ఒక కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న 'రైట్ టు రిపేర్' పేరుతో పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలు దాని కిందికి వస్తాయి. రిపేరు వివరాలు, స్పేరు పార్టుల సమాచారం కంపెనీలు అందులో పెట్టాలన్నది ఉద్దేశం. పోర్టల్ చూసి పార్టు తెప్పించుకోగలిగేది ఎందరన్నది వేరే ప్రశ్న.

చట్టం ఏమంటోంది

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఈ ప్రాంతంవారికి బాగా పనికొచ్చే మార్పు ఒకటుంది. షాపు ఎక్కడున్నా, కంపెనీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా, కొన్నవారు తాము నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. భద్రాచలం దాటగానే ఎటపాక. 2014 నుంచి అది ఆంధ్రప్రదేశ్. చింతూరు, కూనవరం వైపువారు భద్రాచలంలో కొని అవతలి రాష్ట్రంలో ఉంటున్నారు. వారికి ఈ సౌకర్యం మరీ అవసరం.

షాపువారు "మాకు సంబంధం లేదు" అంటే అంతటితో అయిపోదు. షాపు, సర్వీసు సెంటరు, కంపెనీ ముగ్గురినీ ఫిర్యాదులో చేర్చవచ్చు. బిల్లు ఇవ్వకపోవడాన్ని, లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకొని డబ్బు ఇవ్వకపోవడాన్ని చట్టం అనుచిత వ్యాపారంగా లెక్కించింది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడమీద రాసిన బోర్డు ఈ నిబంధనను తుడిచేయలేదు. గ్యారంటీ అంటే మార్చి ఇవ్వడం, వారంటీ అంటే బాగుచేయడం మాత్రమే అని కౌంటరు దగ్గర చెప్పే లెక్కతో కూడా కమిషన్‌కు పనిలేదు. లోపం రుజువైతే బాగుచేయమనవచ్చు, మార్చమనవచ్చు, డబ్బు తిరిగి ఇప్పించవచ్చు, నష్టపరిహారం కూడా వేయవచ్చు.

రుజువు కావాలంటే కాగితం ఉండాలి. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. బిల్లు వద్దంటే వంద తగ్గిస్తామన్న మాటకు లొంగితే తర్వాత కొన్నట్టు చూపేందుకు ఏమీ మిగలదు. సెట్టు రిపేరుకు ఇచ్చినప్పుడు తేదీ, నంబరు, లోపం రాసిన జాబ్‌షీట్ అడిగి తీసుకోవాలి. అందులో ఇంగ్లీషులో ఏం రాశారో బడికెళ్లే పిల్లలతోనైనా చదివించుకోవాలి. "కస్టమరు దగ్గరే దెబ్బతిన్నది" అని రాసినదానికి తెలియక సంతకం పెడితే తర్వాత చిక్కు. వోల్టేజివల్ల పోయింది, నీరు తగిలింది అంటే ఏ భాగం ఎలా పోయిందో రాతపూర్వకంగా ఇమ్మనాలి. వెళ్లిన ప్రతిసారీ వచ్చినట్టు చీటీ మీద తేదీ వేయించుకోవడం మంచిది.

ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చు లేదు. హెల్ప్‌లైన్ ఫిర్యాదును కంపెనీకి పంపుతుంది గాని తీర్పు ఇవ్వదు. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. తగాదా మొదలైన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. వస్తువును ల్యాబుకు పంపే అవసరం లేకపోతే ఎదుటివారికి నోటీసు అందినప్పటి నుంచి మూడు నెలల్లో, పంపాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ల్యాబు పరీక్షకయ్యే ఫీజును మొదట ఫిర్యాదుదారే కట్టాలి.

ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు. విచారణకు వీడియో ద్వారా హాజరవుతామని దరఖాస్తు పెట్టుకుంటే కమిషన్ అనుమతించవచ్చు. వెంకటాపురం, వాజేడు వైపు నుంచి వాయిదా వాయిదాకూ ప్రయాణం చేయలేనివారికి ఇది మేలే. అయితే పాడైంది ఫోనే అయినవారు మాత్రం కాగితాలు సంచిలో పెట్టుకొని మళ్లీ బస్సు ఎక్కాల్సిందే.