మీకు తెలుసా? ఉబుంటూ ఆగితే ఫార్మాట్ అక్కర్లేదు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ హాస్టళ్లలో ఉండి కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే పిల్లల ల్యాప్‌టాప్‌లలో విండోస్ పక్కనే ఉబుంటూ అనే లినక్స్ ఉండటం మామూలే. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్, ప్రపంచమంతటా ఇలాంటి జోడు సిస్టమ్‌లలో కొన్నింట లినక్స్‌ను లేవకుండా చేసింది. నల్ల స్క్రీన్ మీద ‘ఎస్‌బ్యాట్ సెల్ఫ్ చెక్ ఫెయిల్డ్’ అని పడి మెషీన్ ఆగిపోయేది. పాత లినక్స్ బూట్‌లోడర్లను ఆ అప్‌డేట్ తెచ్చిన ఎస్‌బ్యాట్ నిబంధన వల్ల సెక్యూర్ బూట్ అనే రక్షణ ఒప్పుకోకపోవడమే కారణం. ఫైళ్లు మాత్రం చెక్కుచెదరలేదు! కాబట్టి కంగారుపడి ఫార్మాట్ కొట్టించొద్దు. బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆపండి, లినక్స్ లేస్తుంది. అందులోంచి ఆ ఎస్‌బ్యాట్ నిబంధన తీసేసి, సెక్యూర్ బూట్ తిరిగి ఆన్ చేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ 2025 మే అప్‌డేట్‌తో ఈ లోపాన్ని సరిచేసింది. ఒక్కటి మరవొద్దు: సెక్యూర్ బూట్ ముట్టుకునే ముందే డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి. విండోస్ అడిగినప్పుడు అది లేకపోతే డిస్కు తెరుచుకోదు.