పోయిందనుకున్న మరక మళ్లీ ఎందుకొస్తుంది?

సోఫా మీద టీ ఒలికింది. తడిగుడ్డతో గబగబా రుద్దేస్తే మరక పోయినట్టే ఉంటుంది. తెల్లారేసరికి అదే చోట గోధుమరంగు అంచుతో మళ్లీ ప్రత్యక్షం!

ఎందుకంటే టీ బట్ట దగ్గరే ఆగదు. పోగుల మధ్య ఉన్న సన్నని సందుల్లోంచి కింది ఫోమ్‌లోకి దిగుతుంది. రుద్దితే ఇంకా లోతుకు పోతుంది, పోగులూ రేగిపోతాయి. పైభాగం ఆరేకొద్దీ లోపలి తడి ఆ సందుల వెంటే పైకి పాకుతుంది, దీపం వత్తి నూనెను లాక్కున్నట్టు. నీరు ఆవిరైపోతుంది, రంగు పైనే మిగులుతుంది.

కాబట్టి రుద్దకూడదు, అద్దాలి. పొడి నూలుగుడ్డను మరక మీద గట్టిగా నొక్కిపెడితే దాని పోగులు టీని పీల్చుకుంటాయి. గుడ్డకు తడి అంటడం ఆగేదాకా మడత మారుస్తూ ఇలాగే చేయాలి. తర్వాత చల్లని సబ్బునీళ్లు కొద్దిగా, మళ్లీ మంచినీళ్లు అద్ది, ఫ్యాన్ కింద బాగా ఆరనివ్వాలి. ఒలికింది పాలైతే వేడినీళ్లు అసలే వద్దు. వేడికి పాలలోని ప్రొటీన్లు గడ్డకట్టి పోగులను పట్టేస్తాయి.

పకోడీల నూనెకు టాల్కం పౌడర్ మేలు. పొడి నూనెను పీల్చుకున్నాక వాక్యూమ్ క్లీనర్‌తో లాగేయొచ్చు.

కంటికి కనిపించని మురికి వేరే ఉంది. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టును తింటూ, మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేని డస్ట్‌మైట్లు సోఫాలో బతుకుతాయి. వాటి విసర్జనే చాలామందికి తుమ్ములు, ఆయాసం తెప్పిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లు వాటికి మరీ అనుకూలం. వారానికోసారి కుషన్ల కింద, మూలల్లో వాక్యూమ్ చేయడం అందుకే.

ఏదైనా మొదలుపెట్టే ముందు కుషన్ అడుగున చీటీ ఉందేమో చూడాలి. ‘డబ్ల్యూ’ ఉంటే నీళ్లు వాడొచ్చు. ‘ఎస్’ మాత్రమే ఉంటే డ్రైక్లీనింగ్ ద్రావకమే, ‘ఎక్స్’ ఉంటే వాక్యూమ్ ఒక్కటే.