ఒపేరా లేని రోమ్‌లో హాండెల్ కీర్తన

1707 జనవరి 14. రోమ్‌లోని సెయింట్ జాన్ లాటరన్ చర్చిలో ఓ పరదేశి ఆర్గాన్ వాయిస్తే విన్నవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. సాక్సనీ నుంచి గొప్ప వాద్యకారుడొచ్చాడని ఫ్రాంచెస్కో వలేసియో అనే నగరవాసి తన డైరీలో రాసుకున్నాడు, పేరు మాత్రం రాయలేదు. ఆ వచ్చినవాడు జార్జ్ ఫ్రెడరిక్ హాండెల్ అని చరిత్రకారులు చెబుతారు. అప్పటికి అతనికి 22 ఏళ్లు నిండలేదు.

అతనికి ఒపేరా అంటే పిచ్చి. అప్పటి రోమ్‌లో ఒపేరాకు తావు లేదు. 12వ ఇన్నోసెంట్ పోప్‌గా ఉండగా, 1697లో, టోర్డినోనా నాటకశాలను ఏకంగా పడగొట్టించారు. తర్వాతి పోప్ కాలంలోనూ నిషేధమే. అయితే సంగీతం మీద మోజు కార్డినళ్లకే ఎక్కువ. పాంఫిలీ అనే కార్డినల్ హాండెల్ కోసం స్వయంగా సాహిత్యం రాశాడు! ఇంతా చేస్తే హాండెల్ లూథరన్. క్యాథలిక్కుల కొలువులో ఉన్నా మతం మారలేదు.

ఆ ఏప్రిల్‌లో పూర్తయింది 'డిక్సిట్ డొమినుస్'. సాయంకాల ఆరాధనలో పాడే, బైబిల్‌లోని 110వ కీర్తనకు కట్టిన సంగీతమిది. ఏడే వచనాలు, కానీ మెత్తని భక్తి కాదు: శత్రువులు పాదపీఠమవుతారు, తలలు పగులుతాయి. నాటకశాలలో చూపలేని ప్రతాపమంతా హాండెల్ ఇక్కడ చూపించాడు.

బాకాల్లేవు, డప్పుల్లేవు. వయొలిన్లు, వయోలాలు, అడుగున మంద్రవాద్యాలు, ఐదు స్వరాల గాయకబృందం, అంతే. అప్పట్లో రోమ్ చర్చిల్లో స్త్రీలు పాడకూడదు కనుక తారస్థాయి భాగాలు మగ గొంతులవే. మొదట్లోనే తంతులు దూకుడుగా పరుగెడతాయి, బృందం తొలి పదాన్ని ఉరిమినట్టు పదేపదే పలుకుతుంది. ఆ హోరు మీదుగా ఒక ప్రాచీన చర్చి బాణీ దీర్ఘస్వరాల్లో సాగిపోతుంది.

అసలు విశేషం ఆరో వచనం. తలలు నలగ్గొట్టే మాటకు వచ్చేసరికి హాండెల్ పదాన్ని అక్షరం అక్షరంగా విరిచేస్తాడు. ఒక్కో అక్షరం ఒక్కో దెబ్బ. గాయకుల మీద జాలి తలచిన రచన కాదిది. తడబడితే దాచుకునే చోటుండదు.

ఆ వెంటనే, దారిలో ఏటినీళ్లు తాగే ఏడో వచనం. రెండు తారస్థాయి (సొప్రానో) గొంతులు ఒకదానికొకటి ఒరుసుకుంటూ నెమ్మదిగా సాగుతాయి, కింద మంద్రస్థాయి గొంతులు గొణిగినట్టు వంత పాడతాయి. యుద్ధం మధ్యలో ఇంత నిబ్బరం 22 ఏళ్ల కుర్రాడికి ఎలా అబ్బిందో! హాండెల్‌కు పెద్ద పేరు తెచ్చిన 'మెస్సయ్య' అప్పటికి మూడు దశాబ్దాలకు పైగా దూరంలో ఉంది. ఆ కీర్తి ముందు ఈ కృతి వెనకబడటం అన్యాయమే.

హాండెల్ స్వహస్తంతో రాసిన ప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. జాన్ ఎలియట్ గార్డినర్ నిర్వహణలో మాంటెవెర్డి క్వయర్ పాడిన రికార్డింగ్‌తో మొదలుపెట్టవచ్చు. అరగంటకు కాస్త పైన పడుతుంది. ముందుగా 110వ కీర్తనను తెలుగులో చదువుకుని కూర్చోండి. ఏడో వచనం వచ్చినప్పుడు మాత్రం ఫోన్ పక్కన పెట్టండి.