ఎదురీదే పులస

ఆషాఢ మాసం వస్తుంది. పైన ఎక్కడో వానలు పడతాయి. గోదారికి ఎర్రనీరు తగులుతుంది. ఇక కోనసీమ రేవుల్లో అందరి నోటా ఒకటే మాట. "పులస పడిందా?"

పులస ఖరీదు అందరికీ తెలుసు. ఈ మధ్య ఏళ్ళలో ఒక్కో చేప పది వేలు, ఇరవై వేలు కూడా పలికింది. 'పుస్తెలమ్మైనా పులస తినాలి' అని సామెత ఉండనే ఉంది. ఆ సామెత కట్టింది మగవాళ్ళే అయి ఉంటారు! పులస రుచి కూడా తెలుసు. మట్టి దాక, కట్టెల పొయ్యి, బెండకాయ ముక్కలు, మర్నాటికి బాగా ఊరిన పులుసు. కాని పులస ఏ పని మీద మన గోదారికి వస్తుందో ఎంతమందికి తెలుసు?

పులస పుట్టేది ఏట్లో. పెరిగేది సముద్రంలో. సముద్రంలో పడినప్పుడు దాన్ని విలస అంటారు. గోదారిలోకి వచ్చాక అదే పులస.

చాలా రకాల సముద్రపు చేపలు మంచినీటిలో బతకవు. మంచినీటి చేపలు చాలావరకు సముద్రంలో బతకవు. పులస రెండు చోట్లా బతుకుతుంది. ఎలాగో చూడండి. సముద్రంలో అది ఉప్పునీరే తాగుతుంది. ఎక్కువైన ఉప్పును మొప్పల గుండా బయటికి తోసేస్తుంది. ఏట్లోకి వచ్చాక పని తిరగబడుతుంది. అక్కడ నీరు దానంతట అదే చేప ఒంట్లోకి చేరుతుంది. ఆ నీటిని చేప మూత్రంగా వదిలేస్తుంది. మొప్పలేమో ఏటి నీటిలో ఉన్న కాస్త ఉప్పును లోపలికి లాగుతాయి. నిన్నటిదాకా ఉప్పును గెంటిన మొప్పలే ఇవాళ ఉప్పును వెతుక్కుంటాయి!

అంతర్వేది దగ్గర వశిష్ఠ, ఓడలరేవు దగ్గర వైనతేయ, యానాం దిగువన గౌతమి సముద్రంలో కలుస్తాయి. వరద అక్కడ ఉరవడిగా సముద్రంలోకి పోతుంది. పులస ఆ వరదకే ఎదురెళుతుంది. వరదలో పడవ నడిపిన వాళ్ళకు అదెంత కష్టమో చెప్పక్కర్లేదు. పులసకు తెడ్డు లేదు, ఇంజను లేదు. దారిలో తిండి కూడా బాగా తగ్గించేస్తుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి దారి బత్తెం. మనం లొట్టలు వేసేది ఆ కొవ్వుకే.

ఇంత కష్టం ఎందుకు? గుడ్లు పెట్టడానికి. ఒక్కో తల్లి లక్షల గుడ్లు పెడుతుంది. అవి మంచినీటిలోనే పిల్లలవుతాయి. ఆ పిల్లలకు ఈత నేర్పడానికి తల్లి ఉండదు. దారి చూపేవాళ్ళు ఉండరు. అవే సముద్రానికి దిగిపోతాయి. పెరిగి పెద్దవై, ఎర్రనీరు వచ్చే వేళకు మళ్ళీ ఏటి ముఖం పడతాయి.

"మామ్మా, ఇది సముద్రం చేపా, గోదారి చేపా?" అని అన్నం దగ్గర ఏ మనవరాలో అడుగుతుంది. "మాట్లాడకుండా తిను. ముల్లు చూసుకో" అంటుంది మామ్మ. పులసకు ముళ్ళెక్కువ, మామ్మ మాటా నిజమే. కాని పిల్ల అడిగిన ప్రశ్న చాలా గొప్పది. రోజూ చూసేదాన్ని చూసి ఆశ్చర్యపోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. పైసా ఖర్చు లేదు.

పులస దారి ధవళేశ్వరం దగ్గర ఆగుతుంది. అక్కడ కాటన్ దొర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టాడు. 1852లో అది పూర్తయింది. దాని బదులు కట్టిన కొత్త బ్యారేజీ 1982లో పూర్తయింది. ఆ కట్ట వల్లే కోనసీమ పచ్చగా ఉంది. అందులో అనుమానం లేదు. పులసకు మాత్రం అది గోడ. అమెరికాలో సాల్మన్ అనే చేప కూడా ఇలాగే సముద్రం నుంచి ఏరు ఎక్కుతుంది. అది అడ్డం వచ్చిన రాళ్ళ మీదుగా ఎగిరి దూకుతుంది. పులసకు ఆ విద్య రాదు. గంగానదిలో ఈ చేప ఒకప్పుడు అలహాబాదు దాకా వెళ్ళేది. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక అంత పైకి వెళ్ళడం దాదాపు ఆగిపోయింది.

కట్ట ఒక్కటే కాదు, వల కూడా ఉంది. గుడ్లు పెట్టడానికి వచ్చే తల్లినే మనం పడుతున్నాం. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. పులస ఏట్లోకి వచ్చేది ఆ తర్వాత. బంగ్లాదేశ్‌లో ఇదే చేప జాతీయ చేప. అక్కడ గుడ్లు పెట్టే కాలం చూసి, అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు దీని వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. తిండి చూపించకుండా వల మడవమంటే ఎవరు మడుస్తారు? గోదారి జాలరి నాలుగు డబ్బులు కళ్ళజూసేది పులస కాలంలోనే కదా!

పెద్ద పులసనైతే అందరూ గుర్తుపడతారు. పిల్లను గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. వరద తీసి గోదారి తేటపడ్డాక, వేలెడంత పులస పిల్లలు వెండిలా మెరుస్తూ గుంపులుగా సముద్రం వైపు దిగుతాయి. సన్న కన్ను వలల్లో చిల్లర చేపలతో పాటు అవీ పడుతుంటాయి. వాటికి ఖరీదు కట్టేవాళ్ళు ఉండరు. వాటి పేరు అడిగేవాళ్ళూ ఉండరు.