హోమ్ వర్క్‌షాప్‌కి బ్యాండ్‌సా కొంటున్నారా? మోటార్ కంటే ముందు ఇవి చూడండి

ఫోన్ కొనేటప్పుడు మనం ఎంత తెలివిగా ఉంటామో చెప్పనక్కర్లేదు. 108 మెగాపిక్సెల్ అని రాసుంటే వెంటనే "సెన్సార్ సైజ్ ఎంత?" అని అడుగుతాం. అదే పవర్ టూల్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకటే ప్రశ్న: "ఎన్ని హెచ్‌పీ?" డ్రిల్, గ్రైండర్ లాంటి వాటికి ఆ ప్రశ్నతో పని జరిగిపోతుంది. బ్యాండ్‌సాకి జరగదు. మోటార్ ఎంత పెద్దదైనా, బ్లేడ్ సరిగ్గా లేకపోతే, సెటప్ సరిగ్గా చేయకపోతే అది వంకర కోతలే ఇస్తుంది.

బ్యాండ్‌సా అంటే ఏంటో ఒక్క మాటలో చెప్తాను. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెండింటి మీదా బెల్టులా తిరిగే ఉక్కు రంపం. ఊళ్లో సా మిల్లులో పెద్ద పెద్ద దుంగలు కోసే మెషీన్ చూసే ఉంటారు కదా, ఇంట్లో వాడేది దాని చిన్న తమ్ముడు.

ఈ మెషీన్ హిస్టరీలోనే అసలు విషయం ఉంది. ఈ ఐడియాకి బ్రిటన్‌లో విలియం న్యూబెరీ 1809లోనే పేటెంట్ తీసుకున్నాడు. కానీ కొన్ని దశాబ్దాల పాటు అది పెద్దగా ఉపయోగపడలేదు. తిరిగే ఒత్తిడిని తట్టుకునే బ్లేడ్ తయారు చేయడం ఎవరి వల్లా కాలేదు. 1846లో ఫ్రాన్స్‌కి చెందిన ఆన్ పోలిన్ క్రెపాన్ అనే మహిళ బ్లేడ్ చివరలను గట్టిగా అతికే పద్ధతి కనిపెట్టాకే దారి దొరికింది. అంటే మొదటి నుంచీ ఈ మెషీన్‌కి అసలు పరీక్ష బ్లేడ్ దగ్గరే.

ముందు మీ పని ఏంటో రాసుకోండి

"అన్నీ చేస్తా" అనుకుని కొంటే ఏదీ సరిగ్గా కుదరదు. మన దగ్గర చాలామందికి బ్యాండ్‌సా మీద మోజు పుట్టేది ఒక ప్రత్యేకమైన పని వల్ల: పాత ఇల్లు పడగొట్టినప్పుడు మిగిలిన టేకు ద్వారబంధాలు. దశాబ్దాల పాటు ఆరిన టేకు అది. కట్టెల రేటుకి అమ్మేయడానికి మనసొప్పదు. వాటిని పలకలుగా చీలిస్తే స్టడీ టేబుల్, స్పీకర్ బాక్స్, కీబోర్డ్ కేస్ ఏదైనా చేసుకోవచ్చు. అందుకే ఈ ఆర్టికల్ మొత్తానికీ దీన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ద్వారబంధం 5×3 అంగుళాల సైజులో ఉందనుకోండి. దాన్ని 5 అంగుళాల వైపు నిలబెట్టి పలకలుగా చీల్చాలి. దీన్నే రీసా అంటారు. సర్క్యులర్ సా బ్లేడ్ ఒక్కో కోతకి దాదాపు 3 మి.మీ. చెక్కని పొట్టు చేస్తుంది. బ్యాండ్‌సా బ్లేడ్ తినేది 1 మి.మీ. పైచిలుకు. 5 కోతలు కోస్తే ఒకదాంట్లో 15 మి.మీ., ఇంకోదాంట్లో 6 మి.మీ. పోతుంది. తేడా దాదాపు ఒక పలక!

స్పెక్ షీట్ ఎలా చదవాలి?

సైజ్: 9 అంగుళాలు, 14 అంగుళాలు అని రాసేది చక్రం వ్యాసం. బ్లేడ్‌కీ వెనకున్న ఫ్రేమ్‌కీ మధ్య దూరం కూడా దాదాపు అంతే ఉంటుంది. ఎంత వెడల్పు చెక్క పడుతుందో ఇది చెప్తుంది. ఎంత ఎత్తు చెక్క పడుతుందో చెప్పదు.

కటింగ్ హైట్: మనకి ముఖ్యమైన నంబర్ ఇదే. టేబుల్ మీద పెట్టుకునే 9 అంగుళాల మెషీన్లలో ఇది మామూలుగా 3 నుంచి 3½ అంగుళాలు. అంటే మన ద్వారబంధం లోపలికే వెళ్లదు. పాత తరహా 14 అంగుళాల కాస్ట్ ఐరన్ మెషీన్‌కి 6 అంగుళాలు. వీటిలో చాలావాటికి రైజర్ బ్లాక్ అనే ముక్క పెట్టి 12 అంగుళాలకి పెంచుకోవచ్చు.

మోటార్: 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. కానీ బాక్స్ మీద రాసిన వాట్లు మోటార్ లాగే కరెంటువా, బయటికిచ్చే పవర్‌వా అన్నది చూడండి. ఇన్‌పుట్ నంబర్ ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది. నేమ్ ప్లేట్ మీద ఎస్1 అని ఉంటే ఆ పవర్‌తో ఆగకుండా నడవగలదు. ఎస్6 40% అని ఉంటే 10 నిమిషాల్లో 4 నిమిషాలే లోడ్, మిగతా 6 నిమిషాలు ఖాళీగా తిరగాలి. మన భాషలో చెప్పాలంటే, ఎస్6 అంటే బెంచ్‌మార్క్ స్కోర్. ఎస్1 అంటే గంటసేపు గేమ్ ఆడినా పడిపోని ఫ్రేమ్ రేట్. 5 అంగుళాల టేకు రీసాకి నిజమైన 1 హెచ్‌పీ ఉంటే నెమ్మదిగానైనా పని అవుతుంది, 1½ ఉంటే హాయి.

బ్లేడ్ పొడవు: దీన్ని ఫోన్ ఛార్జింగ్ పోర్ట్‌లా చూడండి. స్టాండర్డ్ సైజ్ అయితే ఎక్కడైనా దొరుకుతుంది. 14 అంగుళాల మెషీన్లలో ఎక్కువగా కనిపించేది 93½ అంగుళాలు, రైజర్ బ్లాక్ పెడితే 105. 9 అంగుళాల మెషీన్లలో 59½ అంగుళాలవీ ఉన్నాయి, 62 అంగుళాలవీ ఉన్నాయి. ఒకదానిది ఇంకోదానికి పట్టదు. అందుకే మెషీన్ ఆర్డర్ చేసే ముందే "ఈ పొడవు బ్లేడ్ చేసిస్తారా?" అని సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి టూల్స్ మార్కెట్‌లో ఒకటి రెండు షాపుల్లో అడగండి. కాయిల్ నుంచి కావలసిన పొడవు కోసి వెల్డ్ చేసిచ్చేవాళ్లు దొరికితే మీ సగం కష్టం తీరినట్టే.

స్పీడ్: చెక్కకి బ్లేడ్ వేగం నిమిషానికి దాదాపు 3,000 అడుగులు ఉంటే బాగుంటుంది. ఇనుము కోయడానికి కొన్ని వందల అడుగులు మించకూడదు. కాబట్టి "చెక్క, ఇనుము రెండూ కోస్తుంది" అన్న మాట నమ్మే ముందు కనీస స్పీడ్ ఎంతో చూడండి.

ఇంటి కరెంటు సంగతి

మన ఇళ్లలో చాలావరకు సింగిల్ ఫేజ్, 230 వోల్టులు. త్రీ ఫేజ్ మోటార్ ఉన్న సెకండ్ హ్యాండ్ మెషీన్ చవకగా వస్తుందని ఎగబడకండి. మోటార్ మార్చడమో, వీఎఫ్‌డీ పెట్టడమో చేయాలి. 1 హెచ్‌పీ మోటార్ స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుకంటే కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. కాబట్టి ఏసీ, గీజర్‌కి వాడే 16 ఆంప్స్ పాయింట్, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఫోన్ ఛార్జర్ పెట్టే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి దీన్ని తగిలించొద్దు.

ఇంకో విషయం. అమెరికా నుంచి ఎవరైనా మెషీన్ పంపిస్తాం అంటే ఆగండి. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. వోల్టేజ్ కన్వర్టర్ పెట్టినా ఇండక్షన్ మోటార్ స్పీడ్ ఆరో వంతు తగ్గిపోతుంది.

బ్లేడ్: రెండు నంబర్లు చాలు

మొదటిది వెడల్పు. సన్నని బ్లేడ్ వంపులు తిరుగుతుంది, వెడల్పుది తిన్నగా పోతుంది. ¼ అంగుళం బ్లేడ్‌తో దాదాపు ⅝ అంగుళం రేడియస్ వరకు తిప్పొచ్చు. ½ అంగుళం బ్లేడ్ అయితే 2½ అంగుళాల రేడియస్ కంటే ఇరుకు వంపు తిరగదు.

రెండోది టీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని పళ్లు. ఎప్పుడూ కనీసం 3 పళ్లు చెక్కలో ఉండాలి, లేకపోతే పళ్లు విరుగుతాయి. అలాగని మరీ ఎక్కువున్నా పొట్టు బయటికి రావడానికి చోటుండదు. మన 5 అంగుళాల టేకుకి 6 టీపీఐ పెడితే 30 పళ్లు ఒకేసారి లోపల ఉంటాయి. పొట్టు ఇరుక్కుని బ్లేడ్ వేడెక్కి పక్కకి పోతుంది. 3 టీపీఐ అయితే 15 పళ్లే. నేను రీసాకి ½ అంగుళం 3 టీపీఐ, మిగతా పనులకి ¼ అంగుళం 6 టీపీఐ వాడతాను. ఈ రెండింటితో 90 శాతం పని అయిపోతోంది.

సెటప్: ఈ వరుస తప్పొద్దు

బ్యాండ్‌సాలో ఒకటి మారిస్తే దాని తర్వాతివన్నీ మారతాయి. అందుకే వరుస ముఖ్యం.

1. ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు.

2. టేబుల్ పైనా కిందా ఉన్న గైడ్లన్నీ వెనక్కి జరపండి. బ్లేడ్‌కి ఏదీ తగలకూడదు.

3. బ్లేడ్ ఎక్కించండి. పళ్లు మీవైపు, మొనలు కిందికి ఉండాలి. పైకి చూస్తుంటే బ్లేడ్‌ని లోపలివైపు బయటికి తిరగేయండి.

4. టెన్షన్ ఇవ్వండి. మెషీన్ మీదున్న స్కేల్ ఒక అంచనాకే. 6 అంగుళాల బ్లేడ్ కనిపించేలా పై గైడ్ ఎత్తి, మధ్యలో వేలితో పక్కకి ఒక మోస్తరుగా నొక్కండి. దాదాపు 6 మి.మీ. వంగితే సరిపోయినట్టే.

5. ట్రాకింగ్. పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ ట్రాకింగ్ నాబ్ కొంచెం కొంచెంగా సర్దండి. అలెక్స్ స్నాడ్‌గ్రాస్ డెమోల వల్ల బాగా పాపులర్ అయిన పద్ధతి ఇది: పళ్ల మధ్య గుంట అడుగు భాగం పై చక్రానికి సరిగ్గా మధ్యలో ఉండాలి. ఇలా చేస్తే కోత పక్కకి లాగే సమస్య చాలావరకు పోతుంది.

6. ఇప్పుడు గైడ్లు. పక్క గైడ్లు పళ్ల గుంటలకి కొంచెం వెనక ఉండాలి, బ్లేడ్‌కీ వాటికీ మధ్య ఒక ఏ4 కాగితం దూరేంత సందు చాలు. వెనక ఉండే థ్రస్ట్ బేరింగ్‌కి విజిటింగ్ కార్డు మందం సందు వదలండి. ఖాళీగా తిరిగేటప్పుడు అది కదలకూడదు, చెక్క తోసినప్పుడే తిరగాలి. కింద గైడ్లకీ ఇదే పని.

7. టేబుల్‌ని మూలమట్టంతో 90 డిగ్రీలకి సెట్ చేయండి. పైతలుపు, కిందితలుపు రెండూ మూసి, ఇప్పుడు ప్లగ్ పెట్టండి. ఎత్తైన చెక్కముక్కకి చిన్న గాటు పెట్టి, మెషీన్ ఆపి ఆ ముక్కని తలకిందులు చేసి బ్లేడ్ వెనక నుంచి తీసుకురండి. బ్లేడ్ వీపు ఆ గాటులోకి తేలిగ్గా దూరితే టేబుల్ పర్ఫెక్ట్.

8. చివరగా ఫెన్స్. చెక్క అంచుకి సమాంతరంగా గీత గీసి, ఫెన్స్ లేకుండా ఆ గీత వెంట సగం వరకు కోయండి. చెక్క ఏ కోణంలో నిలిచిందో ఫెన్స్‌ని ఆ కోణానికే తిప్పి బిగించండి.

మొదటిసారి గంట పడుతుంది. అలవాటయ్యాక పావుగంట.

పాత చెక్క అయితే ఇంకో రెండు జాగ్రత్తలు

ద్వారబంధంలో మేకులు దాక్కుని ఉంటాయి. మామిడాకుల తోరణం కట్టిన చిన్న మేకు తల విరిగి పెయింట్ కింద ఉండిపోయినా చాలు, కొత్త బ్లేడ్ పళ్లు పోవడానికి. కోసే ముందు బలమైన అయస్కాంతంతో గానీ, చిన్న మెటల్ డిటెక్టర్‌తో గానీ నాలుగు వైపులా చూడండి.

రెండోది పెయింట్. ఇంటి పెయింట్లలో సీసానికి 90 పీపీఎం పరిమితి మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన పెయింట్‌లో సీసం ఉండొచ్చనే అనుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ మాట రెండుసార్లు చదవండి. పెయింట్ ఉన్న పైపొరని పిల్లలు తిరిగే చోట గీకొద్దు, ఆ దుమ్ము ఇంట్లోకి రానివ్వొద్దు. మామూలు చెక్క దుమ్ము కూడా ఐఏఆర్‌సీ లిస్టులో గ్రూప్ 1 క్యాన్సర్ కారకమే. ఎన్95 మాస్క్, డస్ట్ పోర్ట్‌కి వ్యాక్యూమ్ తప్పనిసరి.

వేళ్ల విషయం

బ్యాండ్‌సా చెక్కని కిందికి, టేబుల్ వైపు నొక్కుతుంది. టేబుల్ సాలా మీ మీదికి విసిరేయదు. అందుకే ఇది సేఫ్ అని పేరు. కానీ మాంసం, ఎముకలు కోసే మెషీన్లలోనూ ఇదే బ్యాండ్‌సా ఉంటుందని గుర్తుంచుకోండి. గార్డ్ చెక్కకి 6 మి.మీ. పైన మాత్రమే ఉంచాలి. చివరి రెండు అంగుళాలు పుష్ స్టిక్‌తోనే తోయాలి. గ్లవ్స్ వద్దు, బ్లేడ్ వాటిని పట్టి లాగుతుంది. గుండ్రని కర్రని వి-బ్లాక్ లేకుండా కోయొద్దు, గిర్రున తిరుగుతుంది. స్విచ్ ఆఫ్ చేశాక కూడా బ్లేడ్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగేదాకా చెయ్యి పెట్టొద్దు.

ఎవరికి ఏది?

బొమ్మలు, ఫోన్ స్టాండ్లు, ప్లైవుడ్ వంపులు చేసేవాళ్లకి 9 అంగుళాల మెషీన్, ఒక మంచి ¼ అంగుళం బ్లేడ్ చాలు. ఫ్లాట్ బాల్కనీలో పెట్టుకోవచ్చు, అయితే పక్కింటివాళ్ల మధ్యాహ్నం నిద్ర టైమ్ చూసుకోండి. పాత టేకు చీల్చాలంటే 14 అంగుళాలు, 6 అంగుళాల కటింగ్ హైట్, ఎస్1 రేటింగ్‌తో కనీసం 1 హెచ్‌పీ తీసుకోండి. బడ్జెట్ కొంచెం తక్కువైతే మెషీన్‌లో ఒక మెట్టు దిగండి గానీ, బ్లేడ్‌లో దిగొద్దు. బాక్స్‌తో వచ్చే బ్లేడ్‌ని ట్రాకింగ్ ప్రాక్టీస్‌కి వాడి పక్కన పెట్టేయండి. మెషీన్ బిల్లుతో పాటే రెండు మంచి బ్లేడ్ల డబ్బు కూడా లెక్కలో వేసుకుంటే, మీ బ్యాండ్‌సా అసలు ధర అదే.