ఏకపాత్రలో రాణి మంగమ్మ

నాటకంలో పాత్రలు చాలా ఉంటాయి. ఒకరు అడిగితే మరొకరు బదులు చెబుతారు. ఒకరు మాట మరచిపోతే పక్కవారు అందిస్తారు. ఏకపాత్రాభినయంలో ఆ ఆసరా లేదు. రంగస్థలం మీద ఒక్కరే నిలబడి, ఒకే పాత్ర ధరించి, పది పదిహేను నిమిషాలలో ఒక జీవితాన్ని చూపించాలి. ఎదుట ఎవరూ లేకపోయినా ఉన్నట్లు ప్రేక్షకులకు తోచాలి.

హరికథ కూడా ఒక్కరే చెప్పేది కదా అనిపించవచ్చు. ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) కాలికి గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి ఎన్నో కథలు చెప్పారు. కాని హరిదాసు ఒక క్షణం రాజవుతాడు, మరుక్షణం భటుడవుతాడు, ఆ వెంటనే దాసుగా మారి పిట్టకథ అందుకుంటాడు. ఏకపాత్రలో అలా వేషం విడిచి బయటికి రావడానికి వీలు లేదు. తెర లేచింది మొదలు పడేదాకా ఆ వ్యక్తే.

చరిత్రలోని స్త్రీలను ఈ పద్ధతిలో చూపిన ప్రదర్శనలు పేరు పొందాయి. 1976లో అమెరికాలో జూలీ హారిస్ అనే నటి ఎమిలీ డికిన్సన్ అనే కవయిత్రి పాత్రను ఒంటరిగా నటించింది. మన దేశంలో 1989 నుండి సుషమా దేశ్‌పాండే మరాఠీలో సావిత్రీబాయి ఫులే పాత్రను తానే రచించి, తానే నటించారు. 1848లో పుణెలో బాలికలకు బడి తెరిచిన ఫులే దంపతుల కథ అది. బడికి వెళ్లే దారిలో జనం సావిత్రీబాయి మీద బురద, పేడ విసిరేవారు. అందుకని ఆమె మార్చుకోవడానికి మరొక చీర వెంట తీసుకుపోయేది. సుషమా దేశ్‌పాండే ఈ ప్రదర్శనను పల్లెపల్లెకూ తీసుకువెళ్లారు. దీనికి పెద్ద రంగాలంకరణ అక్కరలేదు. నటి, చీర, మాట ఉంటే చాలు.

రాజపాళయంలోని తెలుగు విద్యార్థులు ఇటువంటి ఏకపాత్ర తయారు చేయదలచుకుంటే తగిన స్త్రీ కోసం దూరం పోనక్కరలేదు. ఈ ఊరి రాజుల పూర్వీకులు విజయనగర కాలంలో తెలుగు సీమ నుండి దక్షిణానికి వచ్చినవారు. ఆ కాలపు వలసలతోనే మదురై నాయకుల పాలనా ఏర్పడింది. ఆ నాయకుల ఇంటి కోడలే మంగమ్మ. తమిళులు ఆమెను మంగమ్మాళ్ అంటారు. మదురై రైల్వే స్టేషను ఎదుట ఉన్న మంగమ్మ సత్రం ఆమె పేరు మీదనే నిలిచింది.

మంగమ్మ భర్త చొక్కనాథ నాయకుడు 1682లో మరణించాడు. కొడుకు రంగకృష్ణ ముద్దువీరప్ప ఏడేళ్లు పాలించి, 1689లో మశూచి సోకి చనిపోయాడు. అప్పటికి కోడలు గర్భవతి. మగబిడ్డ పుట్టిన కొద్ది రోజులకే ఆమె కూడా ప్రాణాలు విడిచింది. పసివాడు విజయరంగ చొక్కనాథుడిని సింహాసనం మీద ఉంచి, నాయనమ్మ రాజ్యభారం మోసింది. సుమారు పదిహేనేళ్లు తిరుచిరాపల్లి రాజధానిగా పాలన సాగించింది. బాటలు వేయించింది, సత్రాలు కట్టించింది. మొగలు సేనాని జుల్ఫికర్ ఖాన్‌కు కప్పం పంపి యుద్ధాన్ని తప్పించింది. రామనాథపురంలో చెరలో ఉన్న క్రైస్తవ గురువును విడిపించింది.

ఇదంతా పుట్టుక నుండి మరణం వరకు వరుసగా చెబితే అది పాఠం అవుతుంది గాని ఏకపాత్ర కాదు. చాలా మంది ఇక్కడే పొరపడతారు. ‘నేను మంగమ్మను, నా భర్త చొక్కనాథ నాయకుడు’ అని మొదలుపెట్టి తేదీలు అప్పజెబుతారు. తనను తాను అలా పరిచయం చేసుకునేవారు లోకంలో ఎవరుంటారు? ముందుగా ఒక ఘడియను ఎన్నుకోవాలి. ఆ ఘడియలో ఆమె ఏదో ఒకటి తేల్చుకోవలసి ఉండాలి.

1689లో ఒక రాత్రి. కొడుకు లేడు, కోడలు లేదు. తలుపు అవతల దళవాయి, ప్రధానులు వేచి ఉన్నారు. రాజ్యం ఎవరు చూస్తారో చెప్పాలి. గదిలో మంగమ్మ, ఊయలలో పసివాడు. ఈ ఘడియ మేలైనది. ఎందుకంటే ఏకపాత్రలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న, ‘ఆమె ఎవరితో మాట్లాడుతోంది?’ అన్నది. పసిబిడ్డ బదులు చెప్పలేడు. కాబట్టి ఒక్కరే మాట్లాడడం సహజంగా ఉంటుంది. జరిగినదంతా ఆ బిడ్డకు చెబుతున్నట్లే ప్రేక్షకులకు తెలుస్తుంది.

‘ఏడవకు నాయనా, వస్తున్నాను. నీకు పాలు కావాలి, వాళ్లకు రాజు కావాలి. మీ నాన్నను ఈ ఊయలలోనే ఊపాను. ఆ రోజు ఈ తలుపు ఇవతల ఉండమన్నారు, ఉన్నాను. ఈ రోజు అవతలికి రమ్మంటున్నారు.’

ఇలా చిన్న చిన్న మాటలలో రాయాలి. పద్యనాటకపు సమాసాలు బిడ్డ దగ్గర నప్పవు. ఊయల దగ్గర ఇంటి తెలుగు, తలుపు వైపు తిరిగి ‘దళవాయి గారూ, కొంచెం ఆగండి’ అన్నప్పుడు కొలువు తెలుగు. ఈ రెండింటి తేడా గొంతులో వినిపిస్తే చాలు, నాయనమ్మ వేరు, రాణి వేరు అని తెలిసిపోతుంది. ఇంటి తెలుగులో తమిళ మాట ఒకటి దొర్లినా తప్పు లేదు. తెలుగు మాట్లాడగలిగీ చదవలేని పెద్దలు సభలో ఉంటారు. వారికి అర్థమయ్యేది ఆ తెలుగే.

చరిత్ర వేరు, చెప్పుకునే కథ వేరు. మంగమ్మ ఒకనాడు పరధ్యానంలో ఎడమచేత్తో తాంబూలం వేసుకున్నదని, ఆ దోషం పోవడానికే బాటలు, సత్రాలు కట్టించిందని ఒక కథ ఉంది. ఇది నిజమని చెప్పడానికి ఆధారం లేదు. అయినా రంగస్థలానికి పనికివస్తుంది. మాటలు లేకుండా, ఎడమచెయ్యి తమలపాకును అందుకుని సగంలో ఆగిపోవడం చూపితే చాలు. కథ తెలిసినవారు గుర్తుపడతారు. తెలియనివారికి ఆమె మనసు కలత పడిందని అర్థమవుతుంది. చివరి రోజులలో ఆమెను బంధించి, అన్నం కనబడేటట్లు పెట్టి ఆకలితో చంపారనే కథ కూడా ప్రచారంలో ఉంది. దానిని జరిగినదానిగా ప్రదర్శించడం సరికాదు. ఎన్నుకున్న ఘడియకు అది అవసరమూ లేదు.

ఇక అభినయం. లేనివారిని ఉన్నట్లు చూపేది చూపే. ఊయల ఎక్కడ ఉన్నదో, తలుపు ఎక్కడ ఉన్నదో మొదటే నిర్ణయించుకుని, నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవాలి. తలుపు ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు అయితే ప్రేక్షకుల నమ్మకం చెడిపోతుంది. దళవాయి తలుపు అవతల నుండి మాట్లాడినప్పుడు ఆ మాటలు మనసులో పూర్తిగా విని, ఆ తరువాతనే బదులు చెప్పాలి. కొత్తవారు తొందరపడి ఆ విరామాన్ని మింగేస్తారు. ఎదుటివారు మాట్లాడనే లేదని దానితో తేలిపోతుంది.

వేషం విషయంలో ఆడంబరం వద్దు. భర్తనూ కొడుకునూ పోగొట్టుకున్న స్త్రీకి జిగేలుమనే కిరీటం నప్పదు. మదురై మీనాక్షి ఆలయంలో ఊంజల్ మండపం కప్పు మీది చిత్రాలలో మంగమ్మ రూపం కనిపిస్తుంది. రాజపాళయం నుండి మదురై సుమారు 85 కిలోమీటర్లే. వేషం వేసే అమ్మాయి ఆ చిత్రాన్ని ఒకసారి చూసి వస్తే పుస్తకంలోని బొమ్మకన్నా ఎక్కువ ఉపయోగం. అందుబాటులో ఉన్న నూలు చీర, తాంబూలపు పళ్లెం, చీరతో కట్టిన ఊయల చాలు.

చివరి మాట కాగానే సభకు నమస్కారం పెట్టకూడదు. మంగమ్మ ఊయలను ఒకసారి ఊపి, వదిలి, తలుపు వైపు నడవాలి. ఊయల దానంతట అది ఆగేవరకు రంగస్థలం ఖాళీగా ఉండాలి. తెర ఆ తరువాతనే దించాలి.