ఇంజన్ నుంచి ఆయిల్ కారితే ఏం చెయ్యాలె?



మోటారు సైకిల్ కింద నల్లటి చుక్కలు అందరమూ చూచినాము. "నాలుగు చుక్కలే కదా, ఏమైతది" అని అందరమూ అంటాము. మా అన్న కూడా అట్లనే అన్నాడు. ఆ నాలుగు చుక్కలు మా ఇంటికి ఎంత పని చేసినవో, తర్వాత వాటిని ఎట్ల ఆపినామో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

మాది దేవరకొండ దగ్గర తండా. మా అన్నకు పాత 100 సీసీ బండి ఉంది. పొద్దున్నే తండాలో పాలు పోయించుకొని, రెండు క్యాన్లు కట్టుకొని దేవరకొండకు పోతాడు. ఆ బండి మీదనే మా ఇల్లు నడుస్తది. పోయిన చలికాలంలో ఒక రాత్రి మా వదినకు నొప్పులు వచ్చినవి. యాడి వెనుక కూర్చొని పట్టుకోగా, అన్న వదినను బండి మీద తీసుకపోయినాడు. సగం దారిలో ఇంజన్ బిగుసుకపోయి బండి ఆగిపోయింది. కిక్కు కొడితే రాయి లాగ ఉంది. లోపల ఆయిల్ లేదు. చలిలో ముగ్గురూ రోడ్డు మీద నిలబడినారు. ఎంతోసేపటికి ఒక ఆటో వచ్చి ఎక్కించుకున్నది. ఆస్పత్రి చేరినాక పాప పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. కానీ ఆ రాత్రి సంగతి ఎత్తితే యాడి ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటది.

నాలుగు చుక్కల లెక్క

సెలవుల్లో నేను ఒక లెక్క వేసినాను. 20 చుక్కలు సుమారు 1 మిల్లీలీటరు. బండి నడిచేటప్పుడు 10 సెకండ్లకు ఒక చుక్క కారితే నిమిషానికి 6, గంటకు 360 చుక్కలు. అంటే 18 మిల్లీలీటర్లు. రోజుకు రెండు గంటలు నడిస్తే 36. రెండు వారాలకు 504 మిల్లీలీటర్లు! ఇటువంటి చిన్న ఇంజన్లో పట్టేదే ఒక లీటరు లోపు. సగం పోయినా మనకు తెలియదు, ఎందుకంటే నడిచేటప్పుడు చుక్కలు దారిలో పడతవి, నిలబెట్టినప్పుడు పడేవే మనం చూస్తాము.

ఆయిల్ లోపల రెండు పనులు చేస్తది. ఇనుముకు ఇనుముకు నడుమ పొరలాగ నిలిచి రాపిడి తగ్గిస్తది. వేడిని మోసుకపోయి బయటి గోడలకు ఇస్తది. అది లేకపోతే పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్లో పట్టుకుంటది. మా బండికి అయింది ఇదే.

అప్పు చేసి సిలిండర్ బోరు కొట్టించి, కొత్త పిస్టన్ వేయించినాడు. కానీ కారుడు ఆగలేదు. ఒక మెకానిక్ "ఛాంబరే మార్చాలె" అని వేలల్లో చెప్పినాడు. అన్న బండి అమ్ముతా అన్నాడు. బండి అమ్మితే పాల పని పోతది. అప్పుడు హైదరాబాదులో ఆటో నడిపే మా మామ "ఒక్కసారి ఇక్కడికి తీసుకరా" అని కబురు చేసినాడు.

పాతబస్తీ ఉస్తాద్

ఎండాకాలం సెలవుల్లో అన్నా నేనూ బండి మీద మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా పోయినాము. దారిలో నాలుగుసార్లు ఆగి ఆయిల్ చూసుకున్నాము. చార్మినార్ దాటి షాలిబండ దిక్కు ఒక గల్లీలో మామకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు. అందరూ ఆయనను ఉస్తాద్ అంటారు. దుకాణం మన హాస్టల్ సామాను గది అంత కూడా ఉండదు. అక్కడ స్పానర్‌ను పానా అని, గాస్కెట్‌ను ప్యాకింగ్ అని అంటారు.

ఉస్తాద్ పానా పట్టకముందే బండిని కిరోసిన్‌తో కడిగించినాడు. నేను ఆశ్చర్యపోయినాను. ఆయన నవ్వి, "బేటా, ముందు దొంగ ఎవడో తెల్వాలె, తర్వాత కొట్టాలె" అన్నాడు. బాగా తుడిచి ఆరినాక ఇంజన్ చుట్టూ ముఖానికి రాసుకునే పౌడర్ చల్లినాడు. పది నిమిషాలు నడిపి చూస్తే తెల్లటి పొడి మీద ఒకచోట తడి గీత కనబడింది.

ఆయిల్ కిందికి జారుతది, గాలికి వెనుకకు పోతది. అందుకే చుక్క పడే చోటును నమ్మరాదు. తడి ఉన్న చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నదే అసలు చోటు.

సాధారణంగా కారే చోట్లు ఇవి:

1. కవర్ల నడుమ ఉండే కాగితపు ప్యాకింగ్.
2. కిక్కు రాడు, గేరు రాడు బయటికి వచ్చే చోట ఉండే రబ్బరు ఆయిల్ సీల్.
3. అడుగున ఆయిల్ తీసే బోల్టు, దాని వాషర్.
4. పైన ట్యాపెట్ మూతల రబ్బరు రింగులు.

మా బండికి కుడి వైపు క్లచ్ కవర్ అంచున కారుతున్నది. ఛాంబర్ పగలలేదు.

గాలి గొట్టం సంగతి

ఉస్తాద్ తర్వాత ఒక సన్న రబ్బరు గొట్టం ఊడదీసి నోటితో ఊదమన్నాడు. ఊదితే గాలి పోలేదు, బురదతో మూసుకపోయింది. ఇది ఇంజన్ ఊపిరి తీసుకునే గొట్టం. 1994లో వచ్చిన స్ప్లెండర్ బండి ఇంజన్ 97.2 సీసీ. అటువంటి ఇంజన్లో పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ దాని అడుగున ఉన్న గాలిలో అంత భాగాన్ని నెడతది. నిమిషానికి 3000 సార్లు తిరిగితే 3000 సార్లు నెడతది. గొట్టం మూసుకుంటే ఆ ఒత్తిడి ప్యాకింగ్ సందుల నుంచి ఆయిల్‌ను బయటికి తోస్తది. ఎన్ని కొత్త ప్యాకింగులు వేసినా లాభం లేదు. కావున కారుడు కనబడితే మొదట ఈ గొట్టం చూడవలెను. కొలతకు మించి ఆయిల్ పోయడం కూడా తప్పే.

కవర్ విప్పే పద్ధతి

ఇంజన్ చల్లారినాక ఆయిల్‌ను తట్టలోకి దించినాము. సైలెన్సర్, ఫుట్‌రెస్టు, కిక్కు రాడు తీసి, క్లచ్ తీగ విడదీసినాము. ఉస్తాద్ ఒక అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే బొక్క పెట్టి గుచ్చమని నాకు ఇచ్చినాడు. ఎందుకంటే బోల్టులన్నీ ఒక పొడవు కావు. పొట్టి బొక్కలో పొడుగు బోల్టు పెడితే అడుగు తగిలి కవర్ బిగియదు, బలవంతం చేస్తే అల్యూమినియం పగులుతది. పొడుగు చోట పొట్టిది పెడితే రెండు మరలే పట్టి అవి తెగుతవి.

కవర్ రాకపోతే రబ్బరు సుత్తితో చుట్టూ మెల్లగ తట్టాలె. స్క్రూడ్రైవర్ సందులో దూర్చి లేపరాదు. మా బండికి ఇంతకుముందు ఎవరో అదే చేసినారు. కవర్ అంచున గోరు పట్టేంత గీత ఉంది. ఆయిల్‌కు అదే కాలువ. ఆ గీతను కప్పెట్టడానికి ట్యూబు పేస్టు మందంగా పూసినారు. లోపలికి ఒత్తుకపోయిన పేస్టు ముక్కలు ఊడి, అడుగున ఆయిల్ వడకట్టే జాలికి అంటుకొని ఉన్నవి. జాలి మూసుకుంటే ఆయిల్ ఉండి కూడా పైకి ఎక్కదు. అన్న ఆ జాలి చేతిలో పట్టుకొని చాలాసేపు మాట్లాడలేదు.

ఇంజన్ నోటికి శుభ్రమైన బట్ట కుక్కి, పాత ప్యాకింగ్‌ను బ్లేడుతో పడుకోబెట్టి గీకినాము. నిలబెట్టి గీకితే మళ్ళీ గీతలు పడతవి. తర్వాత ఉస్తాద్ మందపాటి అద్దం మీద సన్నటి వాటర్ పేపర్ పరిచి, కవర్‌ను బోర్లించి, 8 అంకె ఆకారంలో మెల్లగ రుద్దినాడు. అద్దం సమతలంగా ఉంటది కాబట్టి ఎత్తు ఉన్నచోట అరుగుతది. అంచు అంతా ఒకే మెరుపు వచ్చేదాకా గంటసేపు రుద్దినాడు. అన్న తొందరపడితే "జల్దీ కా కామ్ షైతాన్ కా" అన్నాడు. మనం నిదానమే ప్రధానం అంటాము కదా, అదే.

అడవి లక్క, ఇంజన్ ప్యాకింగ్

ఇక్కడ మీకు ఒక వింత చెప్పాలె. కొత్త ప్యాకింగ్‌కు పూయడానికి ఉస్తాద్ ఎర్రటి జిగురు సీసా తీసినాడు. పేరు షెల్లాక్. అంటే లక్కను స్పిరిట్‌లో కరిగించినది! మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు వదిలే బంకే లక్క. దేశంలో చాలాచోట్ల ఆదివాసీలే దాన్ని కొమ్మల నుంచి గీకి అమ్ముతారు. లక్క మీద పరిశోధనకు 1924లోనే రాంచీ దగ్గర ఒక సంస్థ పెట్టినారు. చార్మినార్ పక్కన లాడ్ బజారులో మెరిసే గాజులు కూడా లక్కవే. వాటికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెళ్ళికూతురు చేతి గాజుకూ, మా అన్న బండి ఇంజన్‌కూ పట్టు ఇచ్చేది అడవి లక్కే అని తెలిసి నాకు చాలా సంతోషమైంది.

అయితే షెల్లాక్ కూడా పల్చటి పొర చాలు. ఎక్కువ పూస్తే పేస్టు లాగనే కీడు చేస్తది.

బిగించడం

మరల వేసేటప్పుడు కిక్కు రాడు పళ్ళు సీల్ పెదవిని కోయకుండా రాడుకు ప్లాస్టిక్ కాగితం చుట్టి, ఆయిల్ రాసినాము. బోల్టులన్నీ ముందు చేతితో తిప్పి, తర్వాత ఎదురెదురుగా, మూడు విడతలుగా బిగించినాము. వరుసగా బిగిస్తే ఒక మూల నొక్కుకొని ఇంకో మూల లేస్తది.

ఎంత బిగించాలె? ఈ 6 మిల్లీమీటర్ల బోల్టులకు సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు. మన భౌతికశాస్త్రం పాఠంలో బలం, దూరం గుణిస్తాము కదా. 10 సెంటీమీటర్ల పానా చివర 10 కిలోల బరువు వేలాడితే అంత అవుతది. అంతే. బలం ఉంది కదా అని తిప్పితే అల్యూమినియం మరలు పొడి అయితవి.

వేడి ఇంజన్‌ను బిగించరాదు. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే సుమారు రెండు రెట్లు సాగుతది. వేడి మీద బిగిస్తే చల్లారినాక కవర్ కుంచించుకొని బోల్టు వదులైతది.

కొత్త ఆయిల్ పోసి, అయిదు నిమిషాలు నడిపి, ఆపి, మూడు నిమిషాలు ఆగి, బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టి కొలత పుల్లతో చూసినాము. రెండు గీతల నడుమ ఉండాలె. పాత ఆయిల్‌ను ఉస్తాద్ డబ్బాలో పోసి పాత ఆయిల్ కొనేవాళ్ళకు పెట్టినాడు. మోరీలో పోస్తే మూసీకి పోతది, మన ఊర్లో పోస్తే బావికి పోతది.

ప్యాకింగ్ ఖరీదు నూరు రూపాయలు కూడా కాలేదు. రెండు రోజుల కూలీ ఇవ్వబోతే ఉస్తాద్ సగమే తీసుకున్నాడు. "పాప పేరు మీద మిగతాది" అన్నాడు. నన్ను చూసి, "చేతికి పని వస్తది నీకు. కానీ ఇక్కడికి రాకు, చదువుకో. లెక్క తెలిసిన మెకానిక్కులు మాకు తక్కువ" అన్నాడు.

ఇప్పుడు అన్న ప్రతి ఆదివారం ఆయిల్ పుల్ల చూస్తున్నాడు. బండి నిలబెట్టే చోట యాడి రోజూ అలుకుతది. మచ్చ పడలేదు.

మిత్రులారా, చిన్న చుక్కను చూచినప్పుడే ఆగి వెతకండి. చివరిగా ఒక మనవి. మన వార్డెన్ సార్ బండి పెట్టే చోట సిమెంటు మీద నల్లటి మచ్చ ఒకటి ఉంది. సార్ కోపపడకపోతే, వచ్చే ఆదివారం కిరోసిన్, పౌడర్ డబ్బా తీసుకొని అందరికీ చేసి చూపిస్తాను. పౌడర్ మాత్రం పదో తరగతి అన్నలు ఇవ్వవలెను, వాళ్ళ దగ్గరే ఉంటది.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థి